తిరగని ఫ్యానుకు మొదటి స్థానం

సున్నపుగుట్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నాలుగు మంచాల కాన్పుల వార్డులో, పాత ఫ్యాను ఇరవై రెండేళ్లు తిరిగింది. దానికి రిమోటు లేదు, కరెంటు పొదుపు చెప్పే నక్షత్రాల గుర్తులు లేవు. గోడమీద నల్లటి రెగ్యులేటరు ఒకటి ఉండేది. మూడు మీద పెడితే రెండులా, ఐదు మీద పెడితే నాలుగులా తిరిగేది. ఎప్పుడైనా మొరాయిస్తే స్టాఫ్ నర్సు సామ్రాజ్యం చీపురుకర్ర వెనక కొసతో రెక్కనొకసారి నెట్టేది. అది సిగ్గుపడి మళ్లీ పనిలో పడేది. ఇంత సులువుగా నడిచే వస్తువు ప్రభుత్వ భవనంలో అన్నేళ్లు ఎలా ఉండిపోయిందో ఎవరికీ తెలియదు. ఈ ఏడాది మార్చిలో పైవాళ్ల కళ్లు దానిమీద పడ్డాయి.

పథకం పేరు 'మాతృ మారుతం'. జిల్లాలోని ప్రతి కాన్పుల వార్డులోనూ పాత ఫ్యాన్లు దించేసి, రిమోటుతో నడిచే కొత్త ఫ్యాన్లు బిగించాలి. స్విచ్చులు, రెగ్యులేటర్లు పీకేసి, గోడకు పడ్డ కన్నాలు సిమెంటుతో పూడ్చి, పూడ్చినట్టు ఫోటో పంపాలి. స్విచ్చంటూ కనబడితే సిబ్బంది పాత అలవాట్లకు పోతారట. రిమోటు మీద మీట నొక్కినప్పుడల్లా ఆ సంగతి జిల్లా కార్యాలయంలోని పెద్ద తెరమీద 'ఒక సేవ'గా నమోదవుతుంది. ఏ వార్డులో బాలింతలకు ఎన్ని గాలి సేవలు అందుతున్నాయో అధికారులు కూర్చున్నచోటి నుంచే చూసుకోవచ్చు. గాలి నిజంగా అందిందో లేదో చూడాలంటే కుర్చీలోంచి లేవాలి కాబట్టి ఆ అంశాన్ని పథకంలో చేర్చలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ప్రారంభోత్సవం పెట్టారు. ఆ పూట కరెంటు లేదు. అయినా ముహూర్తం ముహూర్తమే. జీపుకైనా, బోరు మోటారుకైనా, కంప్యూటరుకైనా బొట్టు పెట్టకుండా చెయ్యి వెయ్యడం మన ఇంటావంటా లేదు గనక ఫ్యానుకు మాత్రం ఎందుకు లోటు చేయాలని, ముఖ్య అతిథి గంధం గిన్నె పుచ్చుకుని బల్ల ఎక్కారు. నలుగురు బల్లను పట్టుకున్నారు, ఇద్దరు ఆయన్ను పట్టుకున్నారు. ఫ్యాను నడిబొడ్డున తెల్లటి మూత, మూత మధ్యలో మిరియపు గింజంత నల్లటి గాజు గుండీ ఉన్నాయి. "బొట్టుకు కంపెనీవాళ్లే గుర్తు పెట్టి పంపారే!" అని ముచ్చటపడి, ఆయన సరిగ్గా దానిమీద అరచెంచాడు గంధం మెత్తి, ఆపైన కుంకుమ అద్దారు. కిందికి దిగి రిమోటు నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. ఫోటోలో తిరిగే ఫ్యానూ తిరగని ఫ్యానూ ఒకేలా ఉంటాయి.

మూడింటికి కరెంటు వచ్చింది. సామ్రాజ్యం రిమోటు తీసుకుని మీట నొక్కింది. ఫ్యాను నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది. ఇంకోసారి నొక్కింది. వార్డు ఆయా నాంచారమ్మ వచ్చి తనూ నొక్కింది. మెడికల్ ఆఫీసరు డాక్టరు పరాంకుశం గారు వచ్చి, కళ్లజోడు సర్దుకుని, రిమోటును నాడి చూసినట్టు పట్టుకుని నొక్కారు.

"చూద్దాం సిస్టర్," అన్నారు. ఆయన మంచివాడు. ఏ సమస్య వచ్చినా 'చూద్దాం' అనేవారు, నిజంగానే చూస్తూ ఉండేవారు.

మర్నాడు సామ్రాజ్యం మారుత సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"మీ సమస్య రిమోటుకు సంబంధించిందా, ఫ్యానుకు సంబంధించిందా?" అని అవతలి గొంతు అడిగింది.

"ఏదో తెలిస్తే నీకెందుకు చేస్తాను నాయనా? రిమోటు నొక్కితే ఫ్యాను తిరగడం లేదు."

"రెండూ కలిపి నమోదు చేసుకునే వీలు లేదు మేడమ్. ఒకటి ఎంచుకోండి."

సామ్రాజ్యం రిమోటును ఎంచుకుంది. నాలుగు రోజులకు రిమోటు నిపుణుడు వచ్చాడు. రిమోటు ముక్కును తన ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కాడు. తెరమీద ఊదారంగు చుక్క మిణుకుమంది. 'రిమోటు ఆదేశములు సక్రమముగా జారీ చేయుచున్నది. స్వీకరించకపోవుట మా పరిధిలోనిది కాదు' అని ధ్రువపత్రం రాసిచ్చి వెళ్లిపోయాడు. అప్పుడామె ఫ్యాను మీద ఫిర్యాదు చేసింది. ఎనిమిది రోజులకు ఫ్యాను నిపుణుడు వచ్చాడు. పైకెక్కి చూడమంటే, నిచ్చెన ఇంజనీరింగు విభాగం ఆస్తి అన్నాడు. నిచ్చెన ఎక్కడానికి వేరే ఉత్తర్వు కావాలట. కిందనుంచే మెడ వెనక్కి వాల్చి చూశాడు. గంధం, కుంకుమ కనబడగానే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. 'ఫ్యాను ఆరోగ్యముగా ఉన్నది. ఆదేశము అందినచో తిరుగుటకు సిద్ధముగా ఉన్నది' అని రాశాడు.

"మరి తిరగట్లేదు కదయ్యా?" అంది సామ్రాజ్యం.

"చూడండి మేడమ్. రిమోటు బాగుంది, కాగితం ఉంది. ఫ్యాను బాగుంది, కాగితం ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది గాలి. గాలి మా శాఖ కాదు."

డాక్టరు గారు రెండు ధ్రువపత్రాలనూ అద్దం కట్టించి వార్డులో తగిలించారు. ఉక్కపోతలో ఒళ్లంతా తడిసిన బాలింతలు వాటిని చూస్తూ పడుకున్నారు.

ఇక రిమోటు సంగతి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని తెలిసినా, ఊదేవాడికి ఇవాళ వినబడుతుందేమోనని ఆశ చావదు. పైగా మనవాళ్లలో ప్రతివాడికీ తన చెయ్యి వేరని నమ్మకం. "నీకు నొక్కడం రాదు, ఇటియ్యి" అంటూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. బాలింతల తల్లులు నొక్కారు, అత్తలు నొక్కారు, చూడవచ్చిన మేనమామలు మోచేయి తిప్పి విసురుగా నొక్కారు. ఒకాయన మంచం ఎక్కి నొక్కాడు. ఇంకొకాయన వేంకటేశ్వరస్వామిని తలుచుకుని, కళ్లు మూసుకుని నూట ఎనిమిది సార్లు నొక్కాడు. పథకం మీద పడాల్సిన తిట్లన్నీ ఆ మీట మీద పడ్డాయి.

నెల తిరిగేసరికి జిల్లా కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది జిల్లా మారుత సమన్వయాధికారి చిదానందం గారు స్వయంగా.

"అభినందనలు సిస్టర్! జిల్లాలో మీ వార్డు ప్రథమ స్థానం. రోజుకు సగటున వెయ్యిన్నీ నూట నలభై గాలి సేవలు! ద్వితీయ స్థానంలో ఉన్న కేంద్రం ఎంతో తెలుసా? తొమ్మిది!"

"సార్, అది…"

"వినయం వద్దు. ఎల్లుండి వీడియో సమావేశంలో మీ అనుభవాన్ని తక్కిన కేంద్రాలతో పంచుకోవాలి."

చెప్పిన రోజున సామ్రాజ్యం తెర ముందు కూర్చుంది. ఇరవయ్యేడేళ్లు కాన్పులు చేసిన మనిషి. బిడ్డ అడ్డం తిరిగిందని తల్లికి చెప్పాల్సి వచ్చినా తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడూ అలాగే చెప్పింది.

"సార్, మా ఫ్యాను బిగించినరోజు నుంచి తిరగలేదు. తిరగట్లేదు కాబట్టే అందరం నొక్కుతున్నాం. బాలింతలు ఉడికిపోతున్నారు. దయచేసి ఎవరినైనా పైకెక్కి చూసేవాణ్ణి పంపించండి."

అవతల చిదానందం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"విన్నారా?" అన్నారాయన గద్గద స్వరంతో. "ఫలితంతో నిమిత్తం లేకుండా రోజుకు వెయ్యిన్నీ నూట నలభై సార్లు! మీరంతా పొద్దున ఒకసారి నొక్కుతారు, ఫ్యాను తిరుగుతుంది, అంతటితో మీ బాధ్యత తీరిపోయిందనుకుంటారు. ఇదేనా సేవాభావం?"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. 'సున్నపుగుట్ల నమూనా'ను జిల్లా అంతటా అమలు చేయాలి. ప్రతి వార్డూ రోజుకు కనీసం ఐదువందల సేవలు నమోదు చేయాలి. తక్కువ చేసినవారు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ వారం పదకొండుమంది నర్సులు వ్యానులో సున్నపుగుట్లకు అధ్యయనానికి వచ్చారు. పుస్తకాల్లో రాసుకున్నారు. వెళ్లేముందు ఒకావిడ సామ్రాజ్యాన్ని పక్కకు పిలిచింది.

"అక్కా, మాది నొక్కగానే తిరిగేస్తంది. ఐదొందలసార్లు నొక్కితే ఆగుతా తిరుగుతా మోటారు కాలేటట్టుంది. దీన్ని ఎట్టా చెడగొట్టారో చెప్పి పుణ్యం కట్టుకో."

సామ్రాజ్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాను తెచ్చి కిటికీలో పెట్టింది. రెండోరోజుకే డాక్టరు గారు ఇబ్బందిగా వచ్చి నిలబడ్డారు.

"సిస్టర్, ఇది తీసెయ్యాలట. మారుత వార్డులో ప్రైవేటు గాలి ఉండకూడదట. పథకాన్ని కించపరిచినట్టు అవుతుందని మెమో వచ్చింది."

"మీరేమంటారు సార్?"

"నేనేమంటాను? చూద్దాం."

టేబుల్ ఫ్యాను ఇంటికి వెళ్లిపోయింది.

మే రెండోవారంలో కోటేశ్వరి కాన్పుకు వచ్చింది. నాపరాళ్ల గనిలో పనిచేసే కుటుంబం, తొలి చూలు. వాళ్లమ్మ వెంకాయమ్మ పిల్లను పట్నంలో ప్రైవేటుకు తీసుకుపోతానంటే, ఇంటికి మూడుసార్లు తిరిగి వద్దని ఒప్పించింది సామ్రాజ్యమే. "అక్కడైతే కడుపు కోసి పంపిస్తారు. నా దగ్గరికి తీసుకురా. తల్లినీ బిడ్డనూ క్షేమంగా నీ చేతిలో పెడతాను" అని మాటిచ్చింది. కాన్పు సులువుగానే అయింది. ఆడపిల్ల, మూడు కిలోలకు కొంచెం తక్కువ. ఏడుపు గదంతా వినబడింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ ఏడుపు సన్నబడింది. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. వార్డు పైకప్పు పొద్దంతా కాగి వేడిని కిందికి దించుతోంది. పసిదాని మెడమీద, చంకల్లో చెమటకాయలు ఎర్రగా లేచాయి. ఒళ్లు కాలుతోంది. రొమ్ము నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి సోలిపోతోంది. సామ్రాజ్యం తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, కేసు షీట్ల అట్టతో విసురుతూ మంచం పక్కనే నిలబడింది. ఆమెకు భయం వేసింది. ఇన్నేళ్లలో ఆమె భయపడ్డ సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

"ఇంకో పూట ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి," అన్నారు డాక్టరు గారు. పెద్దాసుపత్రి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఆ ఎండలో, రేకు పెట్టెలాంటి ఆటోలో.

"ఏంది సిస్టరమ్మా ఇది?" అంది వెంకాయమ్మ. "నీ మాట ఇని తీసుకొచ్చా. మా రేకులింట్లో నిప్పుల కొలిమి, ఈడ సల్లగుంటదనుకున్నా. ఆ గోడమీద అద్దాలు కట్టిచ్చారే, అయ్యేమన్నా గాలి ఇసురుతయ్యా?"

సామ్రాజ్యం సిగ్గుతో తలవంచుకుని విసురుతూనే ఉంది.

అదే సమయంలో నాంచారమ్మ బల్ల ఎక్కి బూజులు దులుపుతోంది. వారం రోజుల్లో ప్రథమ స్థాన పురస్కార ప్రదానం ఇదే వార్డులో జరుగుతుందని, గోడలు తళతళలాడాలని తాఖీదు వచ్చింది. బూజులు అయ్యాక తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు తుడిచింది. మూత మీద ఎండి బీటలు వారిన గంధం పెచ్చు కనబడింది. దేవుడి పటానికైనా పాత బొట్టు తీసి కొత్త బొట్టు పెట్టేటప్పుడు ఎలా తుడుస్తామో అలాగే దాన్ని గోటితో లేపి, గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. అటు వెంకాయమ్మ, చేతులూరికే ఉండక, రిమోటు నొక్కుతూనే ఉంది.

ఫ్యాను గిర్రున తిరిగింది.

"ఓయమ్మో!" అంటూ నాంచారమ్మ బల్లమీంచి దూకింది. వార్డులో అందరూ తలలెత్తారు. గాలి మొదట వేడిగా కొట్టింది. సామ్రాజ్యం కిటికీలకు తడిదుప్పట్లు కట్టించాక చల్లబడింది. గంట గడిచేసరికి పసిదాని ఒంటి వేడి తగ్గింది. ఇంకో అరగంటకు తల్లి రొమ్ము వెతుక్కుని, వదలకుండా తాగింది. కోటేశ్వరి ఏడ్చింది, వెంకాయమ్మ ఏడ్చింది. సామ్రాజ్యం మందుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. ఆ నెలన్నరలో ఆ వార్డులో అంత సంతోషం ఎవరూ చూడలేదు.

మర్నాడు సున్నపుగుట్లలో నమోదైన గాలి సేవలు మూడు. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది, మూడుసార్లు నొక్కారు. సాయంత్రానికల్లా చిదానందం గారి ఫోను.

"ఏమిటిది సిస్టర్? వెయ్యిన్నీ నూట నలభై నుంచి మూడా? వార్డులో ఏదైనా విపత్తు సంభవించిందా?"

"విపత్తేం లేదు సార్. ఫ్యాను తిరుగుతోంది."

"తిరగడమేమిటి? ఎవరి అనుమతితో తిరుగుతోంది?"

తెల్లారేసరికి ఆయన జీపులో దిగారు. వెంట ఇద్దరు గుమాస్తాలు, ఒక నిచ్చెన. అత్యవసరం కాబట్టి నిచ్చెనకు ఉత్తర్వు రాత్రికి రాత్రే వచ్చింది. విచారణ మొదలైంది. బొట్టు తుడిచింది తనేనని నాంచారమ్మ ఒప్పుకుంది.

"సాక్షాత్తూ ముఖ్య అతిథి గారు స్వహస్తాలతో దిద్దిన తిలకాన్ని తొలగించావా? అది పథకంలో అంతర్భాగం అమ్మా! ప్రారంభోత్సవ ఫోటోలో ఉంది. ఫోటోలో ఉన్నది వార్డులో లేకపోతే ఆడిట్లో ఏమని చెప్పాలి?"

"సార్," అంది సామ్రాజ్యం, "ఆ గంధం రిమోటు వెలుతురుకు అడ్డంపడింది. అది తీశాక తిరుగుతోంది. పాప పాలు తాగుతోంది. ఇంతకంటే ఏం కావాలి సార్ మనకు?"

"మీరు వ్యక్తిగత కోణంలో చూస్తున్నారు. నేను జిల్లా కోణంలో చూడాలి. రాష్ట్రస్థాయి బృందం ఐదు రోజుల్లో పురస్కారంతో వస్తోంది. మూడు సేవల వార్డుకు పురస్కారమా? పూర్వస్థితిని పునరుద్ధరించడం తప్ప మార్గాంతరం లేదు." ఆయన గుమాస్తా వైపు తిరిగి చెయ్యి చాపారు. గుమాస్తా జీపులోంచి గంధం గిన్నె తెచ్చాడు. నిచ్చెన లేచింది.

అప్పుడు వెంకాయమ్మ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చి నిచ్చెన మొదట్లో నిలబడింది.

"ఎక్కు నాయనా, ఎక్కు," అంది. "ఎక్కేముందు ఈ పిల్లని కాసేపు ఎత్తుకో. నిన్నగాక మొన్న ఇది కాలిపోతా ఉంటే అట్టముక్కతో ఇసిరాం. నువ్వు పైకెక్కి గాలి ఆపు. నేను ఈ పిల్లతో వచ్చి మీ ఆఫీసులో నీ కుర్చీ పక్కన పడుకుంటా. ఆడ సల్లటి మిసను ఉందంటగా?"

మిగతా మూడు మంచాల దగ్గరి ఆడవాళ్లూ లేచి వచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. చిదానందం గారు ఒక మెట్టు ఎక్కి ఆగారు. ఆయన గట్టి మనిషేగానీ, కార్యాలయంలో బాలింతలు అనే అంశానికి తగిన నియమం ఏదీ ఆయనకు తోచలేదు. గంధం గిన్నె గుమాస్తాకు ఇచ్చి కిందికి దిగి, రుమాలుతో చెమట తుడుచుకుని, ఫ్యాను కిందే కుర్చీ వేయించుకుని అరగంట ఆలోచించారు. గాలి బాగానే వస్తోందని ఆయన కూడా గమనించినట్టుంది. చివరికి ఆయన మొహం వికసించింది.

"పరిష్కారం దొరికింది! సేవ ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం కాదు, ఏ కేంద్రం కింద నమోదైందన్నదే ముఖ్యం. ఫ్యానును ఇలాగే ఉండనిద్దాం. నొక్కే పనిని జిల్లా కార్యాలయానికి తరలిద్దాం."

రెండు రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. జిల్లా కార్యాలయంలో 'మారుత శిక్షణ విభాగం' ఏర్పాటైంది. అందులో పన్నెండు రిమోటులు, పన్నెండు కుర్చీలు, గోడకు ఏసీ. ఫ్యాన్లు లేవు. ఫ్యాన్లుంటే నొక్కేవారి ఏకాగ్రత చెదురుతుందని నిపుణులు అభిప్రాయపడ్డారు. ఒక్కో రిమోటునూ ఒక్కో కేంద్రానికి జతచేశారు. ఇక్కడ నొక్కితే లెక్క అక్కడ పడుతుంది. రాష్ట్రంలోనే అత్యధిక సేవల అనుభవం ఉన్న ఉద్యోగిని కాబట్టి శ్రీమతి సామ్రాజ్యాన్ని ఆ విభాగానికి ముఖ్య శిక్షకురాలిగా నియమించడమైనది. తక్షణమే విధుల్లో చేరవలెను.

"నాకు కాన్పులొచ్చు సార్," అంది సామ్రాజ్యం డాక్టరు పరాంకుశం గారితో. "ఈ వార్డుకు నేనొక్కదాన్నే నర్సుని. నా బదులు ఎవరు?"

డాక్టరు గారు ఉత్తర్వును రెండోవైపు కూడా తిప్పి చూశారు. అక్కడ ఏమీ రాసిలేదు.

"చూద్దాం సిస్టర్," అన్నారు.

సామ్రాజ్యం సోమవారం జిల్లా కార్యాలయంలో చేరింది. చల్లటి గది. పదకొండుమంది ఉద్యోగులు ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె నొక్కినట్టల్లా నొక్కారు. ఎదుట ఖాళీ గోడ. పురస్కార బృందం అక్కడికే వచ్చి, సంఖ్యలు చూసి సంతోషించి, ఆమెకు శాలువా కప్పి వెళ్లింది. వాళ్లను సున్నపుగుట్లకు తీసుకువెళ్లే అవసరమే కలగలేదు.

గురువారం పదకొండున్నరకు, నొక్కుళ్లు ఆరువందలు దాటిన సమయంలో ఆమె ఫోను మోగింది. నాంచారమ్మ.

"సిస్టరమ్మా, బాగుండావా? ఈడ ఫేను బెమ్మాండంగా తిరుగుతా ఉంది. ఎటొచ్చీ కొండకింద నుంచి నొప్పులమ్మి ఒకతి వచ్చింది. రెండో కాన్పు, నీళ్లు పోయినయ్. డాక్టరు గారు మీటింగుకు పోయారు. గాలి వస్తంది గానీ చెయ్యెయ్యడానికి మడిసి లేదు. ఎవరిని పిలవమంటావు?"

సామ్రాజ్యం లేచింది. నడుస్తూనే నాంచారమ్మకు ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలో, ఏ గుడ్డలు మరిగించాలో, నూట ఎనిమిదికి ఎలా ఫోన్ చేయాలో చెప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలో చిదానందం గారు ఎదురొచ్చారు.

"ఎక్కడికి సిస్టర్? ఇవాళ్టి లక్ష్యం ఇంకా సగం ఉంది! మీరు ఆపితే సున్నపుగుట్ల ద్వితీయ స్థానానికి జారిపోతుంది!"

సామ్రాజ్యం ఆయన చేతిలో రిమోటు పెట్టింది.

"అయితే మీరు నొక్కుతూ ఉండండి సార్. నేను వెళ్లి చూసొస్తాను."

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా కార్యాలయం పెద్ద తెరమీద సున్నపుగుట్ల అంకె కదలకుండా ఆగిపోవడం కనబడింది. ఆయనకు చెమటలు పట్టాయి. కూర్చుని నొక్కడం మొదలుపెట్టారు. ఆమె ఆటో ఎక్కి, ఆటో దిగి బస్సెక్కి, దారిపొడుగునా ఫోనులో నాంచారమ్మకు ధైర్యం చెబుతూ, ఒంటిగంట పదిహేనుకు వార్డులో అడుగుపెట్టింది. అంబులెన్సు ఇంకా రాలేదు. చెయ్యి కడుక్కునే వ్యవధి మాత్రమే దొరికింది. ఒంటిగంటన్నరకు మగపిల్లాడు పుట్టాడు. మెడచుట్టూ పేగు రెండు చుట్లు వేసుకుని నీలంగా వచ్చాడు. ఆ చుట్లు తప్పించి, వీపు రుద్ది, నోరు తుడిచి ఏడిపించడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు నాంచారమ్మ చేతుల్లో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆమె ఆలోచించదలుచుకోలేదు.

శనివారం జిల్లా కార్యాలయం నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ప్రశంసాపత్రం. గురువారంనాడు సున్నపుగుట్ల కేంద్రం నాలుగువేల రెండువందల సేవలతో రాష్ట్ర రికార్డు నెలకొల్పినందుకు. ఆ పూట ఇంటికి కూడా వెళ్లకుండా నొక్కిందెవరో అందులో రాయలేదు. రెండోది మెమో. 'శ్రీమతి సామ్రాజ్యం, ముఖ్య శిక్షకురాలు, తేదీ గురువారం పని వేళల్లో ఎవరి అనుమతియు లేకుండ తన పోస్టును విడిచి ఎందుకు వెళ్లెనో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

ఆమె మూడు రోజులు ఆగలేదు. పసివాడు పాలు తాగి నిద్రపోయాక, కేసు షీట్ల అట్టమీద కాగితం పెట్టుకుని ఒకే వాక్యం రాసి పంపింది.

'అయ్యా, నేను నా పోస్టు విడిచి వెళ్లలేదు, నా పోస్టుకే వెళ్లాను.'

ఆ జవాబు ఏ కోణంలోంచి చూడాలో తేలక ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది. తేలేదాకా సామ్రాజ్యం వార్డు వదిలి కదలనంది. కదలమని రాయడానికి చిదానందం గారికి చెయ్యి ఖాళీ లేదు.